జెట్ స్కీని ట్రైలర్ మీద సూర్యలంక తీసుకెళ్ళాలంటే: తాళ్ళ కన్నా ముందు కాటా

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. ముగ్గురు కూర్చునే జెట్ స్కీ, అదే నీళ్ళ మీద నడిపే మోటారు బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు, దాంతోపాటే ఒంటి ఇరుసు ట్రైలర్ ఒకటి వచ్చింది, ఇంట్లో స్కార్పియో ఉంది, బెజవాడ నుంచి గుంటూరు, పొన్నూరు మీదుగా బాపట్ల దగ్గర సూర్యలంక బీచికి పోవాలి, మీ బావేమో "నాలుగు తాళ్ళు గట్టిగా బిగిస్తే అదే వచ్చిద్ది" అంటున్నాడు, నీకు మాత్రం డౌటు కొడతంది. నీ డౌటే కరెక్టు, బావని కాస్త ఆగమను. అన్నా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు.

నేను పదకొండేళ్ళుగా బోట్లు, జెట్ స్కీలు ట్రైలర్ మీద లాగుతున్నా. ఆటోనగర్‌లో చేయించిన ట్రైలర్లు నాలుగు, అందులో రెండు నా తెలివితక్కువ వల్లే తుక్కుకి పోయినయ్. ఆ అనుభవంతో చెప్తున్నా, అందరూ తాళ్ళు, బెల్టులు, బండి పవర్ గురించే అడుగుతారు గానీ అసలు సంగతి బరువు ఎంత అనేది కూడా కాదు, బరువు ఎక్కడ కూర్చుంది అనేది.

మా నాన్న మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, గుంటూరు యార్డుకి ఎడ్లబండి మీద తోలిన రోజులు నాకు కొద్దికొద్దిగా గుర్తు. టిక్కీలు వెనక ఎక్కువైతే కాడి పైకి లేచిపోయి మెడతాళ్ళు ఎద్దుల గొంతుకి బిగుసుకునేవి, ముందు ఎక్కువైతే మెడ మీద బరువు పడి ఎద్దులు అడుగెయ్యలేక కూలబడేవి. అందుకని ఎక్కించాక నాన్న కాడి చేత్తో ఎత్తి చూసేవాడు, కాస్త బరువు తగలాలి, ఎత్తలేనంత ఉండకూడదు, లేకపోతే ఒక టిక్కీ ముందుకో వెనక్కో జరిపేవాడు. నీ ట్రైలర్ కూడా అచ్చం అదే, రెండు చక్రాలు, మధ్యలో ఇరుసు, ముందు కాడి బదులు కప్లర్ (బండికి తగిలించే ట్రైలర్ మూతి), ఎద్దుల బదులు స్కార్పియో. ఒక్కటే తేడా, ఎద్దు ఇబ్బంది పడితే ఆగిపోయిద్ది, స్కార్పియో ఆగదు, 80లో పోతానే ఉంటది.

లెక్కలోకి వద్దాం. ముగ్గురు కూర్చునే జెట్ స్కీలు చాలావరకు ఖాళీగా 300 నుంచి 380 కిలోల మధ్య ఉంటాయి, నీది 350 అనుకుందాం. ట్యాంకులో 60 లీటర్లు కొట్టిస్తే పెట్రోలే 45 కిలోలు. ట్రైలర్ 150, లైఫ్ జాకెట్లు, తాడు, లంగరు అన్నీ కలిపి ఒక 15. మొత్తం 560. ఇందులో పదో వంతు నుంచి, ఎక్కువలో ఎక్కువ పదిహేను శాతం దాకా, కప్లర్ దగ్గర బాల్ మీద, అంటే స్కార్పియో వెనక కప్లర్ కూర్చునే ఇనప గుండు మీద, పడాలి, అంటే 56 నుంచి 84 కిలోలు. అది 20, 25 ఉందనుకో, ట్రైలర్ తోక ఊపుడు మొదలుపెట్టిద్ది. మామూలుగా పోతున్నప్పుడు తెలియదు, మంగళగిరి దాటాక పక్క నుంచి కంటైనర్ లారీ జుయ్యిమని పోయినప్పుడు ఆ గాలికి ఒక ఊపు వచ్చిద్ది, దాన్ని సరిచెయ్యబోయి నువ్వు స్టీరింగ్ తిప్పుతావు, ఊపు డబుల్ అయిద్ది. మరీ ఎక్కువ ఉంటే ఇంకో తంటా, స్కార్పియో వెనక కూలబడి ముందు చక్రాలకి పట్టు తగ్గిద్ది, రాత్రి అయితే నీ హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో కొడతాయి.

కొలవడం ఎట్లా అంటే, మొత్తం బరువుకి ఏదన్నా లారీల కాటా దగ్గర ట్రైలర్ ఒక్కదాన్నే విప్పి ఎక్కించు. ముందు బరువుకి మాత్రం ఆ కాటా పనికిరాదు, అది టన్నులు తూచేది, చిన్న బరువు కరెక్టుగా చూపించదు. ఇంట్లో మనుషులు ఎక్కి చూసుకునే బరువు మిషన్ ఉంటది కదా, చదునైన నేల మీద అది పెట్టి, దాని మీద గట్టి చెక్క దుంగ నిలబెట్టి, కప్లర్‌ని ఆ దుంగ మీద ఆనించు. స్కార్పియోకి తగిలించినప్పుడు బాల్ ఎంత ఎత్తులో ఉంటదో దుంగ మీద కప్లర్ కూడా అంతే ఎత్తులో ఉండాలి, చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టడం మర్చిపోకు. జెట్ స్కీ ఎక్కించి, నిజంగా ఎంత పెట్రోలుతో పోతావో అంత పోసే చూడాలి, ఖాళీగా చూసి సంబరపడితే లాభంలేదు.

తక్కువ వచ్చిందనుకో, కంగారుపడకు. బాల్ నుంచి ఇరుసుకి 3 మీటర్లు ఉన్న ట్రైలర్‌లో జెట్ స్కీని 10 సెంటీమీటర్లు ముందుకి జరిపితే ముందు బరువు 12, 13 కిలోలు పెరిగిద్ది. అంటే జానెడు కూడా అక్కర్లేదు. జెట్ స్కీ మూతి ఆనే విన్చ్ స్తంభం (విన్చ్ అంటే జెట్ స్కీని ట్రైలర్ మీదకి లాగే చేతి చక్రం) ఉంటది చూడు, దాని యూ బోల్టులు వదులు చేసి జరిపితే చాలా ట్రైలర్లకి అదే సరిపోయిద్ది. ఒకటి చూసుకో, ముందుకి జరిపాక జెట్ స్కీ వెనక భాగం కింద సపోర్టు బల్లలు పూర్తిగా ఉండాలి, వెనక గాల్లో వేలాడకూడదు, వేలాడితే గతుకుల్లో అడుగు పగులు వచ్చిద్ది. అట్లా కుదరకపోతే ఇరుసునే వెనక్కి జరపాలి, అది షెడ్డులో చేయించే పని.

ఇప్పుడు బాల్. ఇది మాత్రం శ్రద్ధగా చదువు, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. మార్కెట్లో 50 ఎంఎం బాల్ ఉంటది, అమెరికా సైజుల్లో ఒకటి 47.6 ఎంఎం, ఇంకోటి 50.8. కంటికి అన్నీ ఒకటే, నిమ్మకాయకీ నిమ్మకాయకీ ఉన్నంత తేడా. 50 కప్లర్‌ని 47.6 బాల్ మీద పెడితే బ్రహ్మాండంగా కూర్చుంటది, హ్యాండిల్ పడిద్ది, పిన్ను కూడా ఎక్కిద్ది, అనుమానమే రాదు. నా రెండో ట్రైలర్‌కి ఒక షెడ్డువాడు ఇట్లాగే ఏదో పాత బాల్ తగిలించి ఇచ్చాడు, నేనూ సైజు చూడలా. పొన్నూరు ఇవతల స్పీడ్ బ్రేకర్ దగ్గర కాస్త స్పీడుగానే ఎక్కా, టంగుమని చప్పుడు, అద్దంలో చూస్తే ట్రైలర్ మూతి రోడ్డు మీద నిప్పులు రాలుస్తా వస్తంది. సేఫ్టీ గొలుసులు రెండూ ఉన్నాయి కాబట్టి బండి వెనకే ఆగింది, లేకపోతే ఎదురుగా వచ్చే ఆటోలోకి పోయేది, అందులో స్కూలు పిల్లలు. ఆ రోజు సాయంత్రం దాకా చేతులు వణుకుతానే ఉన్నాయ్.

కాబట్టి బాల్ మీద సైజు చెక్కి ఉంటది, కప్లర్ మీద కూడా ఉంటది, రెండూ చదివి ఒకటే అయితేనే తగిలించు. బాల్ మీద అంకె కనపడకపోతే వెర్నియర్ పెట్టి కొలిపించు, ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులో అయినా నిమిషం పని. తగిలించి లాక్ వేశాక ట్రైలర్ ముందున్న చిన్న చక్రం హ్యాండిల్ తిప్పి మూతిని పైకి లేపు, దాంతోపాటు స్కార్పియో వెనక భాగం కూడా కొంచెం లేస్తే లాక్ పట్టినట్టు, ఊడి విడిగా లేస్తే పట్టనట్టు. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు. తర్వాత ఆ చక్రం పూర్తిగా పైకి ఎత్తి బిగించాలి, చాలామంది కిందే వదిలేసి మొదటి గతుకుకే విరగ్గొట్టుకుంటారు.

సేఫ్టీ గొలుసులు రెండూ కప్లర్ కింద నుంచి ఒకదాన్నొకటి దాటేట్టు, ఇంటూ గుర్తు లాగా వెయ్యాలి. బాల్ ఊడినా మూతి ఆ గొలుసుల ఒడిలో పడిద్ది, రోడ్డుకి గుచ్చుకోదు. నేను అప్పుడు తిన్నగా వేశా, అందుకే నిప్పులు. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉండాలి, నేలకి రాసుకునేంత ఉండకూడదు. ఇంకోటి, గొలుసుల్ని గానీ బాల్‌ని గానీ బంపర్‌కి తగిలించొద్దు, బంపర్‌లో ముందూ వెనకా వచ్చే ఆ స్క్రూ కొక్కెం బండి ఆగిపోతే లాక్కెళ్ళడానికి, ట్రైలర్ బరువు రోజంతా మొయ్యడానికి కాదు. బాల్‌ని మొయ్యడానికి ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన హిచ్ (ఇనప ఫ్రేము) కావాలి. నీ బండి ఓనర్స్ మాన్యువల్‌లో ట్రైలర్ గురించి ఏం రాసి ఉందో చదువు, వద్దు అని ఉంటే నా మాట, మీ బావ మాట, వెల్డింగ్ షెడ్డు వాడి మాట ఏదీ వినకు.

కట్టడం గురించి మీ బావకి కోపం రాకుండా చెప్పు. తాళ్ళు వద్దు. నైలాన్ తాడు తడిస్తే సాగిద్ది, ముడి జారిద్ది, గంటలో వదులు. లారీవాళ్ళు వాడే రాట్చెట్ బెల్టులు, అంటే పళ్ళ చక్రం హ్యాండిల్‌తో బిగించేవి, తెచ్చుకో. ముందు మూతికున్న కొక్కేనికి విన్చ్ పట్టీ, దాంతోపాటు విడిగా ఒక చిన్న గొలుసు, ఎందుకంటే విన్చ్ పళ్ళ చక్రాన్ని వెనక్కి తిరగకుండా ఆపే చిన్న నాలుక జారిందంటే పట్టీ మొత్తం వదిలేసిద్ది, విన్చ్ ఉంది లాగడానికి, పట్టుకోవడానికి కాదు. వెనక జెట్ స్కీకి రెండు వైపులా కొక్కేలు ఉంటాయి, అక్కడి నుంచి ట్రైలర్ ఫ్రేముకి కిందకీ కాస్త బయటికీ రెండు బెల్టులు. సీటు మీదుగా అడ్డంగా ఒక్క బెల్టేసి చచ్చేట్టు బిగించేవాళ్ళు ఉన్నారు, సీటు నొక్కుకుపోవడం తప్ప లాభంలేదు. బెల్టు బాడీకి ఆనే చోట పాత టవల్ ముక్క పెట్టు. బెల్టుకి ఒక మెలిక తిప్పి కడితే గాలికి బుర్రుబుర్రుమని కొట్టుకోదు, ఇది నాకు ఒక లారీ క్లీనర్ నేర్పాడు. సీటు లాక్ పడిందో లేదో చేత్తో లాగి చూడు, హైవే మీద సీటు ఎగిరిపోవడం నేను కళ్ళారా చూశా. కవర్ కూడా, ఇంట్లో దుమ్ము పడకుండా కప్పేది వేరు, ప్రయాణానికి బెల్టులున్నది వేరు, మొదటిది వేసుకుని పోతే తాడేపల్లి దాటేలోపు చింకిపాత.

టైర్లు, బేరింగులు. ట్రైలర్ టైర్లు అరగవు, కూర్చుని కూర్చుని ఎండిపోతాయి, అందుకే పువ్వు (టైరు మీది గాళ్ళు) చూసి మోసపోతాం. పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 3419 అని ఉంటే 2019లో 34వ వారం తయారైందని. పక్కన పగుళ్ళు కనపడితే పువ్వు ఎంత ఉన్నా మార్చెయ్. మన దగ్గర చాలా ట్రైలర్లకి పాత మారుతీ 800 సైజు, 145/70 ఆర్12, వేస్తారు, దాని మీద 69 అని ఉంటే ఒక్కో టైరు మొయ్యగలిగింది 325 కిలోలు, రెండూ కలిపి 650, నీ లెక్కకి సరిపోయిద్ది గానీ డబ్బాలు, ఐస్ బాక్సులు, ఇంకో నాలుగు పెట్రోలు క్యాన్లు ట్రైలర్ మీదకి ఎక్కించొద్దు. గాలి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టించు, మే నెల మధ్యాహ్నం రోడ్డు మీద నడిచి వచ్చిన టైరుకి గేజ్ పెడితే ఎక్కువ చూపిస్తది, తగ్గించావంటే తప్పు చేసినట్టే. స్టెప్నీ తప్పకుండా పెట్టుకో, దానికి సరిపోయే పానా, జాకీ కూడా. స్కార్పియో జాకీ ట్రైలర్ కింద పట్టకపోవచ్చు, ఇంట్లోనే ఒకసారి పెట్టి చూడు.

బేరింగులు అయితే బయల్దేరే ముందే జాకీ వేసి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు, టకటకమంటే వదులు. తిప్పి విను, గరగరమంటే నీళ్ళు పోయినట్టు. జెట్ స్కీ ట్రైలర్‌కి మామూలు ట్రైలర్‌కి లేని జబ్బు ఇదే: వంద కిలోమీటర్లు వచ్చి వేడిగా ఉన్న హబ్బుని (చక్రం మధ్యలో బేరింగులుండే భాగాన్ని) తీసుకెళ్ళి సముద్రంలో ముంచితే లోపల గాలి ఒక్కసారి చల్లబడి ముడుచుకుని, సీలు సందులోంచి ఉప్పునీళ్ళని లోపలికి పీల్చుకుంటది. ఆ రోజుకి ఏమీ అవ్వదు. నాకైతే మూడు వారాల తర్వాత చేబ్రోలు దగ్గర రాత్రి తొమ్మిదింటికి కాలిన గ్రీజు వాసన వచ్చింది, దిగి చూస్తే హబ్బు మీద చెయ్యి పెట్టలేం. రోడ్డు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే ముసలాయన లుంగీ కట్టుకునే లేచి వచ్చి బేరింగ్ విప్పితే లోపల గ్రీజు లేదు, ఎర్రటి తుప్పు పేస్టు. డబ్బులు తీసుకోలా, రెండు తిట్లు తిట్టి టీ తాగించి పంపాడు. అందుకని బీచి చేరాక అరగంట, ముప్పావుగంట ఆగు, ఈలోపు టిఫిన్ చెయ్యి. నీళ్ళని తట్టుకునే మెరైన్ గ్రీజే వాడించు. దారిలో ఆగిన ప్రతిసారీ రెండు హబ్బుల మీద చెయ్యి వెనకవైపు ఆనించు, గోరువెచ్చగా ఉంటే ఓకే, ఒకటి ఇంకోదాని కన్నా బాగా వేడిగా ఉంటే అక్కడే ఆపెయ్.

డ్రైవింగ్‌కి వస్తే, 60. నవ్వొద్దు. 60 నుంచి 80కి పోతే ఆపాల్సిన శక్తి దాదాపు 1.8 రెట్లు అయిద్ది, ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేవు కాబట్టి అదంతా స్కార్పియో బ్రేకుల నెత్తినే. కృష్ణ మీద వారధి దిగి కాజ టోల్ గేట్ లోపు ఎక్కడన్నా సేఫ్‌గా పక్కకి ఆపి బెల్టులన్నీ ఒకసారి చూసుకో, మొదటి పది కిలోమీటర్లలో అన్నీ కాస్త సర్దుకుని వదులవుతాయి, అప్పుడు బిగిస్తే ఇంక గుంటూరు దాకా చూడక్కర్లేదు. గుంటూరు దాటాక నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు, ఇదంతా ఊళ్ళ మధ్య రోడ్డు, స్పీడ్ బ్రేకర్లు, గేదెలు, రాంగ్ రూట్లో బైకులు, పంట రోజుల్లో ట్రాక్టర్లు. అక్కడ 40 దాటకు. మలుపుల్లో ట్రైలర్ లోపలికి కోసుకుపోయిద్ది, ఎడమవైపు తిరిగేటప్పుడు కాస్త ముందుకి పోయి తిప్పు, లేకపోతే మలుపులో ఉన్న కొబ్బరిబోండాల బండి నీ ఖాతాలోకి వచ్చిద్ది.

తోక ఊపడం మొదలైతే ఏం చెయ్యాలో ఇప్పుడే బుర్రలో పెట్టుకో, అప్పుడు ఆలోచించే టైము ఉండదు. బ్రేకు మీద కాలు వెయ్యకు. యాక్సిలరేటర్ మీద కాలు తీసెయ్, స్టీరింగ్ తిన్నగా పట్టుకో, ఊపుకి ఎదురు తిప్పకు, స్పీడు తగ్గేకొద్దీ అదే సర్దుకుంటది. తర్వాత ఆపి బరువు ఎందుకు జరిగిందో చూడు.

వెనక్కి తీయడం ఖాళీ గ్రౌండులో ఒక ఆదివారం ప్రాక్టీసు చెయ్యి, ఘాట్ మీద పదిమంది "రానీ రానీ" అని అరుస్తుంటే నేర్చుకునేది కాదు. చెయ్యి స్టీరింగ్ అడుగు భాగంలో పెట్టు, ట్రైలర్ ఏ వైపు పోవాలో చేతిని ఆ వైపు జరుపు, అంతే సూత్రం. ట్రైలర్ పొట్టిది కాబట్టి చటుక్కున మడతపడిద్ది, పడబోతుంటే సరిచెయ్యకు, ముందుకి లాగి తిన్నగా చేసుకుని మళ్ళీ మొదలుపెట్టు. జెట్ స్కీ దింపేశాక ఖాళీ ట్రైలర్ అసలు అద్దంలో కనపడదు, అందుకే రెండు చివర్లా నిలువుగా పీవీసీ పైపు ముక్కలు బిగించి రేడియం స్టిక్కర్ అంటించు, పని సగం తగ్గిద్ది.

సూర్యలంకలో ఇసుక. పొడి ఇసుకలోకి స్కార్పియో దింపొద్దు, వెనక 500 కిలోలు ఉంటే ఇరుసు దాకా కూరుకుపోయిద్ది, ఆటుపోటు నీ కోసం ఆగదు. బండి గట్టి నేల మీదే ఉంచి, అక్కడ ట్రాక్టర్ ఒకటి మాట్లాడుకుని ట్రైలర్‌ని దాంతో దింపించు, డబ్బులు పోయినా బండి మిగిలిద్ది. నీళ్ళలోకి పెట్టేముందు లైట్ల ప్లగ్గు పీకెయ్, వెనక బెల్టులు విప్పు, ముందు పట్టీ మాత్రం తేలేదాకా విప్పకు, వెనక ఉన్న డ్రెయిన్ ప్లగ్గులు (జెట్ స్కీ లోపలి నీళ్ళు కార్చే బిరడాలు) బిగించావో లేదో రెండుసార్లు చూడు. మన కృష్ణలో దింపినా ఇదే పద్ధతి, కాకపోతే ర్యాంపు మీద పాచి ఉంటది, ముందు చెప్పులేసుకుని నడిచి చూడు, నీ కాలు జారితే టైరూ జారిద్ది. ఎక్కడ దింపినా పర్మిషన్ ముందే కనుక్కో, 2017లో పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగిన సంగతి ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు, సొంత జెట్ స్కీ అనేసరికి పోలీసులు వంద ప్రశ్నలు అడుగుతారు, అడగాలి కూడా.

కాగితాల గురించి ఒక్క ముక్క: 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ అంటే విడిగా ఒక వాహనమే, దానికి రిజిస్ట్రేషన్ కావాలి. అమ్మినవాడి దగ్గర అది అడిగావా? అడక్కపోతే బయల్దేరే ముందు ఆ పని చూడు, ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా హిచ్ పెట్టించానని రాతపూర్వకంగా చెప్పు.

తిరిగొచ్చేటప్పుడు అలసటలో అందరూ తప్పు చేస్తారు. ఉప్పునీళ్ళు అట్లాగే ఆరబెట్టి ఇంటికి తెస్తే కమాన్ కట్టలు, యూ బోల్టులు ఒక్క సీజన్లో ఎర్రగా పొక్కులు కడతాయి. బాపట్లలోనే ఏదన్నా వాటర్ సర్వీసింగ్ దగ్గర ట్రైలర్ కింద మొత్తం మంచినీళ్ళు కొట్టించు. జెట్ స్కీ ఇంజన్ ఫ్లష్ చేసేటప్పుడు, అంటే లోపల మంచినీళ్ళతో కడిగేటప్పుడు, ముందు ఇంజన్ స్టార్ట్ చేసి వెంటనే నీళ్ళు తిప్పు, ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టేసి తర్వాత ఇంజన్, వరస తిరగబడితే నీళ్ళు ఇంజన్‌లోకి పోతాయి. డ్రెయిన్ ప్లగ్గులు తీసేసి లాక్కురా, లోపల మిగిలిన నీళ్ళు దారిలోనే కారిపోతాయి.

ఈ వారంలో కొలిచి మొత్తం బరువు, కప్లర్ దగ్గర బరువు, బాల్ మీద చెక్కి ఉన్న సైజు, ఈ మూడు అంకెలూ ఇక్కడే రాయి, ట్రైలర్ పక్క నుంచి ఒక ఫోటో కూడా పెట్టు. విన్చ్ స్తంభం జరపాలో, ఇరుసు జరపాలో చూసి చెప్తా.